తెలియక చేసిన పాపము

ఆదిపర్వమునందలి ఆణిమాండవ్యుని వృత్తాంతమును చదివినవారి మనస్సులో ఒక సందేహము నాటుకొని, కథ ముగిసిన పిమ్మటను వదలక నిలిచియుండును. దొంగలు తన ఆశ్రమమున దాగియుండగా, మౌనవ్రతమున నుండుటచే రాజభటుల ప్రశ్నకు బదులు చెప్పక, ఆ కారణముననే కొఱ్ఱు నెక్కింపబడిన ఆ మహర్షి, తుదకు యమధర్మరాజు కొలువునకు పోయి, ఇంతటి దండనకు తగిన పాపము తాను ఏమి చేసితినని అడిగెను. బాల్యమున ఆటగా చిన్న ప్రాణులను గ్రుచ్చి బాధించిన ఫలమిదియని ధర్ముడు చెప్పెను. తెలియని వయస్సున చేసిన పనికి ఇంత శిక్షయా యని కోపించిన ఋషి ధర్మదేవతనే మానవజన్మ మెత్తుమని శపించి, నాటినుండి బాలుర చేష్టలకు పాపము అంటరాదని లోకమునకు ఒక మర్యాద కల్పించెను. విదురుని జన్మకథగా మనము దీనిని చెప్పుకొందుము. పాపమునకును జ్ఞానమునకును గల సంబంధమును గూర్చిన గొప్ప విచారణ దీనిలో ఇమిడియున్నది.

ఋషి పక్షమున న్యాయమున్నదనుటకు సందేహము లేదు. అయినను, గ్రుచ్చబడిన పురుగు పక్షమున మాటలాడువాడు ఆ కొలువులో ఎవడును లేడు. బాలునికి తెలియదు గనుక దాని బాధ తగ్గలేదు. మఱి బాలుడు కాని వాని తెలియనితనము మాటేమి? వయస్సు వచ్చి, బుద్ధి వికసించి, జమాఖర్చులు వ్రాయనేర్చి, లోకవ్యవహారమున ఆరితేరినవాడు, తన సుఖమునకు మూలమైన పరుల దుఃఖమును ఎఱుగక జీవించినచో, ఆ మాండవ్యుడు కల్పించిన మర్యాద వానికి రక్షణ నీయగలదా? ఎఱుగకుండుటయే తనకు లాభకరమైనప్పుడు ఆ ఎఱుగమి పాపమునకు పరిహారమగునా, లేక అదియే పాపమగునా? ఈ ప్రశ్నను మన పురాణములకు వెలుపల ఎవరు లోతుగా పరిశీలించిరని ఆలోచించినప్పుడు, వేదాంతుల గ్రంథములకంటె ముందుగా నాకు స్ఫురించునవి పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండు ఉత్తరభాగమున, మిల్లుల పొగగొట్టముల నీడలో పుట్టిన కొన్ని ప్రణయకథలు: ఎలిజబెత్ గాస్కెల్ వ్రాసిన ‘మేరీ బార్టన్’, ‘నార్త్ అండ్ సౌత్’, షార్లెట్ బ్రాంటీ వ్రాసిన ‘షర్లీ’.

ఆ కథలు పుట్టిన నేలను ముందు చూడవలెను. 1801లో 70,000 పైచిలుకు జనము గల మాంచెస్టరు పట్టణము 1851 నాటికి 3,00,000 మందితో క్రిక్కిరిసినది. పల్లెల నుండియు, ఐర్లండు నుండియు వచ్చిన కుటుంబములు నేలమాళిగలలో తడిసిన నేలపై కాపురముండెను. కార్మికుల ఆరోగ్యస్థితిని గూర్చి 1842లో ఎడ్విన్ చాడ్విక్ ప్రకటించిన నివేదికలో ఒక చిన్న పట్టిక కలదు. మాంచెస్టరులో సంపన్న కుటుంబములవారు మరణించు సగటు వయస్సు 38 సంవత్సరములు. కూలివారి కుటుంబములలో 17 సంవత్సరములు. పసిబిడ్డల మరణములే ఈ సగటును ఇంతగా దిగలాగినవి. కాని పల్లెసీమయైన రట్లండులో కూలివాని కుటుంబమునకు సైతము ఆ సగటు 38 అని అదే పట్టిక చెప్పుచుండగా, మాంచెస్టరు పేదవాని బిడ్డ కోల్పోయిన ఆయుర్దాయమును విధివ్రాతయని సరిపెట్టుకొనుటకు వీలుపడదు. ఎవరో దానిని కాజేసిరి. ఎవరు? గీత పదునెనిమిదవ అధ్యాయమున కర్మసిద్ధికి అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము అని ఐదు కారణములు చెప్పబడినవి. మిల్లునందు అధిష్ఠానము కనబడును, యంత్రములనెడి కరణములు కనబడును, వేలకొలది చేతుల చేష్ట కనబడును, విపణియను పేర దైవము కూడ వినబడును. కర్త ఒక్కడే కనబడడు. యజమాని ధరలను చూపును. ధరలను అడిగినచో లివర్పూలు రేవున దిగిన దూది బేళ్లను చూపుదురు. ఆ బేళ్లను అడిగినచో సముద్రమునకు ఆవలి పంటను చూపుదురు. వెదకుకొలది కర్త వెనుకకు వెనుకకు జరిగిపోవును. కర్త దొరకని పాపము మానవచరిత్రలో ఇంత పెద్ద ఎత్తున అంతకు మునుపు ఎన్నడైన జరిగియుండునా యని నాకు సందేహము.

ఇట్టి ఘోరమునకు నాయికానాయకుల కథ ఏమి సమాధానమని ఆ నవలలను తక్కువచేసి పలికిన విమర్శకులు పెక్కురు. కార్మికుల ఆకలిని చూపి, తుదకు పెండ్లితో కథ ముగించుట వంచన యని వారి ఆక్షేపణ. ఈ ఆక్షేపణను నేను అంగీకరింపను. ప్రేమించుట యనగా మొట్టమొదట ఒకరిని గూర్చి తెలిసికొన గోరుట. వారు ఏమి తినిరి, రాత్రి నిద్రపట్టినదా, ఆ కన్నుల క్రింద నలుపు ఏల వచ్చినది, అని అడుగక ప్రేమ ఒక్క దినము బ్రతుకదు. ఎఱుగకుండుటయే ఆచారమైన సంఘమున ఎఱుగక ఉండలేని రెండు ప్రాణములను నిలిపి, వారి మూలమున మిల్లు గోడకు ఇరువైపుల నున్నవారిని ఒకరి ముఖము ఒకరు చూచునట్లు చేయుటకు ప్రణయకథను మించిన సాధనము ఆ రచయిత్రులకు లేకుండెను. గాస్కెల్ ఈ పనికి పూనుకొన్న తీరు కూడ గమనింపదగినది. 1810లో జన్మించిన ఆమె, మాంచెస్టరులోని క్రాస్ స్ట్రీటు ప్రార్థనాలయమున యూనిటేరియను బోధకుడైన విలియం గాస్కెల్‌ను 1832లో వివాహమాడెను. ఆ ప్రార్థనాలయమున ముందు వరుసలలో కూర్చుండువారిలో మిల్లు యజమానులు ఉండిరి. వారములో తక్కిన దినములలో ఆమె అడుగుపెట్టిన గృహములలో వారి కూలివారు ఉండిరి. ఒకే పట్టణమున రెండు లోకముల నడుమ దినదినమును నడచిన స్త్రీ ఆమె. 1845లో ఏడాదియైన నిండని కుమారుడు స్కార్లెట్ జ్వరముతో మరణింపగా, ఆ దుఃఖమున మునిగిపోకుండ ఏదైన వ్రాయుమని భర్త ప్రోత్సహించెను. అట్లు పుట్టిన ‘మేరీ బార్టన్’ 1848లో రచయిత్రి పేరు లేకయే వెలువడినది.

ఆ నవలలో జాన్ బార్టన్ అను నేతమిల్లు కార్మికుడు కలడు. మిల్లు మూతపడి పని లేని దినములలో వాని చిన్నకొడుకు టామ్ స్కార్లెట్ జ్వరముతో పడియుండెను. మంచి ఆహారమున్నచో బ్రతుకునని వైద్యుడు చెప్పెను. చేత చిల్లిగవ్వ లేక, బార్టన్ ఒక అంగడి ముందు నిలిచి, అద్దము వెనుకనున్న తినుబండారములను చూచుచుండగా, తన పూర్వ యజమాని భార్య విందుకొఱకు కొన్న వస్తువులతో ఆ అంగడినుండి వెలుపలికి వచ్చి బండి యెక్కి పోయెను. ఇల్లు చేరునప్పటికి బిడ్డ ప్రాణము లేదు. ఆ యిల్లాలు ఏ నేరము చేసినది? విందునకు కావలసినవి కొన్నది; గుమ్మము దగ్గర నిలిచిన మనుష్యుని ఆమె చూడనైన లేదు. తన బిడ్డను హరించిన వ్యాధినే కథలోని కూలివాని బిడ్డకు ఇచ్చిన రచయిత్రి, ఆ రెండు మరణముల నడుమ తేడా ఎక్కడ నున్నదో చదువరికి చెప్పకయే చెప్పినది. తన బిడ్డకు పథ్యపానములు అమరినను దైవము తీసికొనిపోయెను. టామ్ మరణమున దైవముతో పాటు మనుష్యుల చేయి కూడ కలదు. కార్మికులకు ఓటుహక్కు కోరుచు 1839లో లక్షలాది చేవ్రాళ్లతో పార్లమెంటునకు పోయిన చార్టిస్టు విజ్ఞాపనపత్రము వెంట బార్టన్ ప్రతినిధిగా పోవుటయు, సభ దానిని త్రోసిపుచ్చుటయు, సమ్మెకాలమున ఆకలిగొన్న కార్మికులను హారీ కార్సన్ అను మిల్లు యజమాని కుమారుడు వ్యంగ్యచిత్రముగా గీసి నవ్వుటయు, కార్మికులు చీట్లు వేసికొని వానిని చంపుటకు ఒకనిని నియమించుటయు, ఆ చీటి బార్టన్ చేతికి వచ్చుటయు పిమ్మటి కథ. చంపబడిన యువకుడు బార్టన్ కూతురు మేరీ వెంట పడినవాడు. నేరము మోపబడినవాడు ఆమెను నిజముగా ప్రేమించిన జెమ్ విల్సన్. తండ్రియే హంతకుడని తెలిసికొన్న మేరీ, అతనిని పట్టియీయక ప్రియుని కాపాడవలసి వచ్చుట ధర్మసంకటములలో కెల్ల ధర్మసంకటము. లివర్పూలు రేవులో బయలుదేరిన ఓడను చిన్న పడవపై వెంటాడి, సాక్షిని వెనుకకు రప్పించుటకై ఆమె పడిన పాట్లను చదువునప్పుడు నాకు మన కథలలోని సాహసవతులైన స్త్రీలు పలుమారు జ్ఞప్తికి వచ్చిరి.

అయినను ఈ నవలకు ప్రాణమైన ఘట్టము ప్రణయము ఫలించిన తరువాత వచ్చును. రోగము చేతను పశ్చాత్తాపము చేతను కృశించిన బార్టన్, చనిపోయినవాని తండ్రియైన కార్సన్‌ను తన యింటికి పిలిపించి నేరము ఒప్పుకొనెను. కొడుకును పోగొట్టుకొన్న ఆ వృద్ధుని ముఖము చూచిన క్షణమున బార్టన్‌కు తెలిసినదేమనగా, తాను చంపినది యజమాని వర్గమును కాదు, తన టామ్ వంటి ఒక కొడుకును. కార్సన్ మాత్రము కరగలేదు. తన పాపములు క్షమింపబడకున్నను సరే, తన బిడ్డ హత్యకు ప్రతీకారము కావలెనని పలికి, పోలీసులను పిలుచు తలంపుతో వీథిలోనికి వచ్చెను. నిత్యము తన మతమువారు చేయు ప్రార్థనను తానే తలక్రిందుచేసి తనపై శాపముగా ఉచ్చరించుకొన్న ఆ మాట ఎంత భయంకరమైనదో క్రైస్తవులు కానివారికి కూడ తెలియును. ఆ వీథిలో ఒక మోటు కుఱ్ఱవాడు పరుగెత్తుచు ఒక చిన్నపాపను పడద్రోసెను. దెబ్బ తగిలి నెత్తురు వచ్చెను. దాది కోపించి పోలీసుల పేరు చెప్పి బెదిరింపగా, ఆ పాపయే అతనికి తానేమి చేయుచున్నాడో తెలియలేదని వేడుకొని కుఱ్ఱవానిని విడిపించెను. ఆ పలుకులను ఎక్కడనో విన్నట్లు తోచి, కార్సన్ ఇల్లు చేరి, చాలకాలముగా తెఱువని పవిత్రగ్రంథమును తెఱచి, సిలువపై నుండి తన్ను చంపువారి కొఱకు యేసు చేసిన ప్రార్థన వఱకు సువార్త నంతయు ఆ రాత్రి చదివెను. తెల్లవాఱిన పిమ్మట అతడు తిరిగి బార్టన్ గృహమునకు పోగా, ఆ హంతకుడు అతని చేతులలో ప్రాణము విడిచెను.

ఈ ఘట్టమును సులభమైన సమాధానమని త్రోసివేయువారు ఒక్క విషయమును గమనింపరు. సిలువపై క్షమించినవాడు నిర్దోషి. కార్సన్ నిర్దోషి కాడు. క్షమ యనునది ఉన్నతాసనమున కూర్చున్నవాడు క్రిందివానికి వేయు భిక్షయైనచో, అది యజమాని తన సొత్తుకు మఱియొకటి చేర్చుకొనుట యగును. కూలి నిచ్చువాడు తానే, క్షమ నిచ్చువాడును తానే. గాస్కెల్ ఈ ప్రమాదమును ఎఱిగియే, మరణించుచున్నవాని ప్రక్కన కార్సన్ చేత చేయించిన ప్రార్థనలో ఆ పాపిని, ఈ పాపిని కలిపి దేవుని దయ యాచింపజేసినది. బార్టన్ చేసిన పాపము తెలిసి చేసినది, చీటి తీసి చేసినది; దానికి పేరు, తేది, తుపాకి, శవము కలవు. కార్సన్ పాపమునకు ఇవి ఏవియు లేవు. అంగడిలో కొన్న వస్తువులవలె అది నిర్దోషముగా కనబడును. ఆ రాత్రి చదువుచున్నప్పుడు అతనికి స్ఫురించినది హంతకుని అజ్ఞానము మాత్రమే యైనచో అతడు జాలిపడి యుండును, అంతే. తన అజ్ఞానము కూడ స్ఫురించుట చేతనే అతడు తిరిగి వెళ్లగలిగెను. మాండవ్యుని కథలో మాటలాడక మిగిలిపోయిన ప్రాణికి ఇచ్చట నోరు వచ్చినది. ఈ గ్రంథము వెలువడినప్పుడు, యజమానుల యెడ అన్యాయము జరిగినదని ‘ఎడిన్‌బరో రివ్యూ’ పత్రికలో డబ్ల్యూ. ఆర్. గ్రెగ్ నిశితముగా విమర్శించెను. మంచి యజమానులు లేరని గాస్కెల్ ఎక్కడను చెప్పలేదు. మంచివాడగుటకును ఎఱుగకుండుటకును వైరుధ్యము లేదని మాత్రమే చూపెను. విమర్శకులను నొప్పించినది అదియే యని నా నమ్మకము.

ఆ విమర్శ ఆమెను కొంత బాధించినమాట నిజము. 1854 సెప్టెంబరు నుండి డికెన్సు సంపాదకత్వమున ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’ పత్రికలో వెలువడిన ‘నార్త్ అండ్ సౌత్’ నవలలో ఆమె థార్న్‌టన్ అను మిల్లు యజమానిని నాయకునిగా చేసి, అతని హృదయము లోపలికి మనలను కొనిపోయెను. కాని అందులోనే, నా దృష్టిలో, యజమానులపై మునుపటికంటె గొప్ప అభియోగము ఒక పంతొమ్మిదేండ్ల పిల్ల నోట సాధారణమైన ముచ్చటగా పలికించెను. బెస్సీ హిగ్గిన్స్ దూది ఏకెడి గదిలో పనిచేసి, ఎగిరెడి నూగు ఊపిరితిత్తులలో నిండి చనిపోవుచున్నది. ఆ గదికి ఒక ప్రక్క పెద్ద చక్రము నమర్చినచో గాలి వీచి ఆ నూగును బయటికి కొనిపోవునని, కొందఱు అమర్చిరని, దానికి 500, 600 పౌనులు ఖర్చగునని, దానివలన లాభము రాదు గనుక పెక్కురు అమర్పరని ఆమె నాయికయైన మార్గరెట్‌తో చెప్పును. ఇక్కడ తెలియనితనమను సాకు పూర్తిగా తెగిపోయినది. ధర తెలిసినది, ఫలము తెలిసినది, చనిపోవువారెవరో కూడ తెలియును. తెలిసియు లెక్కల పుస్తకమున ఆ ప్రాణమునకు గడి లేకపోయినది. ఈ వ్యాధికి బ్రిటిషు ప్రభుత్వము పరిహారము నొసగుట 1940వ దశకము వఱకు మొదలు కాలేదనగా, బెస్సీ వంటివారు ఎన్ని తరములు ఆ గదులలో దగ్గిరో ఊహించుకొనవచ్చును.

బెస్సీకి మిగిలిన ఆశ పరలోకము. ప్రకటన గ్రంథమునందలి స్వర్ణనగరమును, మణిద్వారములను ఆమె పగలు రాత్రి తలపోయును. ఈ జన్మకు అర్థమేమని అడుగుచు, చనిపోయి విశ్రాంతి పొందుటకు తొందరపడును. తండ్రి నికొలాస్ హిగ్గిన్స్‌కు ఇది సరిపడదు. తాను చూచినదానినే నమ్ముదునని, ఎదుటనున్న అన్యాయమును విడిచి కనబడని లోకమును వర్ణించువారి మాట వినజాలనని ఆ కార్మికసంఘనాయకుడు పట్టుపట్టును. వీరిలో ఎవరి పక్షమున నిలువవలెను? పరలోకాశ పేదవానిని జోకొట్టు మందు అని నేటివారు కొందఱు తేలికగా తీర్పు చెప్పుదురు. చనిపోవుచున్న పిల్ల చేతినుండి ఆ ఆశను లాగుకొనుటకు నాకు మనసొప్పదు. అది ఆమె సొత్తు, ఆమెకు ఈ లోకమున ఎవరును పంచి యీయని సొత్తు. కాని ఆ ఆశను మిల్లు యజమాని తన సౌకర్యమునకు వాడుకొని, చక్రమునకు బదులు స్వర్గమును చూపినచో, అంతకు మించిన దైవద్రోహము లేదు. దుఃఖించువాని నోట భక్తియైనదే దుఃఖపెట్టువాని నోట పాపమగునని గాస్కెల్ సూత్రీకరింపలేదు గాని, మార్గరెట్ ఆ స్వర్గవర్ణనలను విని ఇబ్బందిపడి, ఈ లోకమున చేయవలసినదానివైపు బెస్సీ మనస్సును మెల్లగా మరల్పబూనుట చూచినచో, రచయిత్రి భావము తెలియును. మార్గరెట్ తండ్రి హేల్ దక్షిణసీమలో ఇంగ్లండు రాజమతమున మతాచార్యుడుగా నుండి, మనస్సాక్షి అంగీకరింపక పదవిని విడిచి ఈ పొగల ఊరికి వచ్చినవాడు. బెస్సీ మరణించిన రాత్రి, రాజమతమును విడువని కూతురు, దానిని విడిచిన తండ్రి, దేవుని నమ్మని హిగ్గిన్స్ మువ్వురును కలిసి మోకరిల్లిరని గాస్కెల్ వ్రాసినది. ఆనాటి ఇంగ్లండులో మతశాఖల నడుమ నున్న అడ్డుగోడలను ఎఱిగినవారికి ఈ ఒక్క వాక్యము ఎంత సాహసమో బోధపడును.

ఆ నవలలోని ప్రణయమునకు సంబంధించి నేను మఱిమఱి చదువుకొను ఘట్టము నాయికానాయకుల సంభాషణ కాదు. 1853-54లో ప్రెస్టన్ పట్టణమున నెలల తరబడి సాగిన సమ్మెను తలపించు సమ్మె కథలో విఫలమై, బౌచర్ అను బీదవాడు అద్దకపు రంగులు కలిసిన వాగులో పడి ప్రాణము తీసికొనగా, వాని బిడ్డలను సాకుటకై హిగ్గిన్స్ పని యడుగుటకు థార్న్‌టన్ వాకిట నిలిచెను. థార్న్‌టన్ కఠినముగా మాటలాడి పంపివేసెను. పిమ్మట ఆ మనుష్యుడు తనకొఱకు ఐదు గంటలు వేచియుండెనని తెలిసి, అతడు స్వయముగా విచారించి, చెప్పినదంతయు సత్యమని గ్రహించి, ఆ కార్మికుని గృహమునకు పోయి తన తప్పు ఒప్పుకొని పని యిచ్చెను. ఒకరి ఐదు గంటల విలువ మఱియొకరికి తెలియుటకు మార్గరెట్‌పై గల ప్రేమ వానిని సిద్ధపఱచినది. ఆమె తన్ను తిరస్కరించియుండగనే ఈ మార్పు కలిగినది గనుక దీనిలో ఫలాపేక్ష లేదు. తరువాత మిల్లులో కార్మికులు కలిసి భుజించు వంటశాల ఏర్పడుట, థార్న్‌టన్ వారితో కూర్చుండి తినుట కూడ జరుగును. ఇట్టి పరిచయముల వలన సమ్మెలు ఆగునా యని అడుగగా, ఆగవని, వాటిలోని విషము మాత్రము తగ్గవచ్చునని అతడు చెప్పును. అంతకు మించి వాగ్దానము చేయకపోవుటయే ఆ గ్రంథమునకు గౌరవము.

షార్లెట్ బ్రాంటీ ‘షర్లీ’ దీనికంటె గతుకులున్న రచన. వ్రాయుచుండగనే తమ్ముడు బ్రాన్వెల్, చెల్లెండ్రు ఎమిలీ, ఆన్ ఎనిమిది తొమ్మిది నెలలలో ఒకరివెంట ఒకరు మరణించిరి గనుక ఆ గతుకులను తప్పుపట్ట మనస్కరింపదు. 1849లో వెలువడిన ఈ కథ జరిగినది 1811-12లో. యార్క్‌షైరు ఉన్ని బట్టల సీమలో నూగు కత్తిరించు యంత్రములు వచ్చి, చేతిపనివారి కూడు పోగా, 1812 ఏప్రిల్‌లో లడ్డైటులను యంత్రవిధ్వంసకులు రాఫోల్డ్స్ మిల్లుపై దాడిచేసిరి. అదే మాసమున విలియం హార్స్‌ఫాల్ అను యజమాని చంపబడెను. మఱుసటి జనవరిలో యార్క్ నగరమున 17 మంది ఉరితీయబడిరి. షార్లెట్ తండ్రి ఆ దినములలో సమీపమునందలి హార్ట్స్‌హెడ్ గ్రామమున మతాచార్యుడు. ఆమె ఆ సంఘటనలను తండ్రి నోటను, పాత పత్రికలలోను తెలిసికొని, రాబర్ట్ మూర్ అను మిల్లు యజమానిని సృష్టించెను. యంత్రము తప్ప మఱేమియు చూడని అతడు, స్త్రీని కూడ యంత్రమువలెనే చూచి, మనసు కారొలైన్ అను యువతిపై నున్నను ధనము కొఱకు సంపన్నురాలైన షర్లీని పెండ్లాడ గోరెను. ఆమె తిరస్కారమే వానికి మొదటి గురువు. బర్మింగ్‌హాము, లండను పట్టణములలో పేదల గృహములను చూచి, తిరిగి వచ్చుచు, తాను మునుపు న్యాయము చేయలేదని మిత్రునితో చెప్పిన ఆ రాత్రియే అతనికి తుపాకి దెబ్బ తగులును. తెలిసికొన్నంతమాత్రమున పూర్వకర్మ రద్దు కాదని బ్రాంటీ నమ్మినట్లున్నది. అందు గాస్కెల్ కంటె ఆమె మన కర్మసిద్ధాంతమునకు చేరువ.

ఈ కథాసంప్రదాయము తరువాతి శతాబ్దిలోను ఎండిపోలేదు. టైన్ నదీతీరపు బొగ్గుగనుల, ఓడల కార్ఖానాల సీమలో 1906లో పుట్టిన కాథరిన్ కుక్సన్, తన కన్నతల్లిని అక్కగా భావించుచు పెరిగి, వివాహేతర సంతానమను నింద తనపై నున్నదని బాల్యముననే తెలిసికొని, ఆ గాయమును పదులకొలది చారిత్రక ప్రణయనవలలుగా మార్చుకొనెను. బ్రిటనులోని ప్రజాగ్రంథాలయములలో పాఠకులు ఏండ్ల తరబడి అత్యధికముగా తీసికొనిపోయినవి ఆమె పుస్తకములే. ఏమియు చేయకమునుపే పాపిగా పుట్టిన శిశువు ఆమె కథలలో మరల మరల ఎదురగును. మాండవ్యునికి కోపము తెప్పించిన అన్యాయము కంటె ఇది పెద్దది.

గాస్కెల్ కథలలో ఎందరి ముఖములో కనబడినను, కొందరి ముఖములు కనబడవు. థార్న్‌టన్ మిల్లులో వడకిన దూది ఆ కాలమున ఎక్కువగా అమెరికాలో బానిసలు ఏరినది. ఆ బానిస ఈ నవలలలో పాత్రగా రాడు. అద్దకపు బట్టలకు ప్రపంచమున పేరుగాంచిన మచిలీపట్నపు పనివాడును రాడు. ఒకప్పుడు మన తీరపు బట్టల ధాటికి తాళలేక ఇంగ్లండు 1700లోను, 1721లోను శాసనములు చేసి వానిని నిషేధింపవలసి వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దిలో లాంకషైరు మిల్లుబట్ట ఆ మార్గముననే వెనుకకు వచ్చి మన మగ్గములను మూలపడవైచినది. బెస్సీ ఊపిరితిత్తులను నింపిన నూగుకు ఇక్కడి నేతగాని కడుపు కాలుటయును ఒక మూల్యము. కాని బెస్సీకి అది తెలియదు, ఆమెను సృష్టించిన రచయిత్రికిని తట్టలేదు. అజ్ఞానమును గూర్చి ఇంత శ్రద్ధతో వ్రాసిన గ్రంథములకును తమ అజ్ఞానము కలదని చూచినప్పుడు నాకు వారిపై గౌరవము తగ్గలేదు. ప్రశ్న మఱింత బరువెక్కినది. ఆ కార్మికులే అవకాశము వచ్చినప్పుడు చూపిన ఔన్నత్యము కూడ చెప్పవలెను. 1861లో అమెరికా అంతర్యుద్ధము మొదలై దూది రాక నిలిచి, లాంకషైరు అంతటను మిల్లులు మూతపడి జనము ఆకలితో నుండగా, 1862 డిసెంబరు 31న మాంచెస్టరు ఫ్రీ ట్రేడ్ హాలులో కూడిన కార్మికులు బానిసత్వనిర్మూలనమును సమర్థించుచు లింకనునకు లేఖ పంపిరి; మఱుసటి నెలలో ఆయన కృతజ్ఞతతో బదులు వ్రాసెను. అక్కడి కార్మికులందఱును ఏకాభిప్రాయులు కారు. దక్షిణరాష్ట్రముల పక్షము వహించినవారును ఉండిరి. అయినను తాము ఎన్నడు చూడని మనుష్యుని బంధములు తెగుటకై తమ ఆకలిని ఓర్చుకొన్నవారు అందు ఉండిరనుట చరిత్ర.

భారతమునందు మిథిలానగరమున మాంసము అమ్ముకొను ధర్మవ్యాధుడు కౌశికుడను బ్రాహ్మణునితో, నాగలి దున్నువాడును ఎన్నియో ప్రాణులను చంపుచున్నాడని, హింస లేని బ్రతుకు లేదని చెప్పెను. దీనిని విని, ఐనచో ఎఱిగి ఏమి ప్రయోజనమని నిస్పృహ చెందువారు కలరు. ఆ వ్యాధుడు మాత్రము ఎఱుకను విడిచినవాడు కాడు. తన తులలో ఏమి తూగుచున్నదో తెలిసియే తూచినవాడు. అట్టి ఎఱుక దేశముల మధ్య సాధ్యమా యను శంకకు చరిత్రలో ఒక ఘటన నాకు ఊరట నిచ్చుచున్నది. 1931 సెప్టెంబరు మాసాంతమున, రౌండు టేబిలు సమావేశమునకై ఇంగ్లండు పోయిన గాంధీజీ లాంకషైరులోని డార్వెన్ పట్టణమునకు పోయి, విదేశవస్త్ర బహిష్కరణము చేత కూడ పని పోగొట్టుకొన్న మిల్లు కార్మికుల నడుమ నిలిచెను. వారి దుఃఖమునకు తాను కొంత కారణమని దాచలేదు. తన దేశపు పల్లెలలో అంతకు మించిన ఆకలి ఉన్నదని చెప్పెను. బహిష్కరణమును విరమింతునని మాట యీయలేదు. కోపముతో ఎదురుకొందురని కొందఱు శంకించిన ఆ కార్మికులు, స్త్రీలు విశేషముగా, ఆయనను హర్షధ్వానములతో చుట్టుముట్టిరి. పని లేక యున్న వారిలో ఒకడు, తాను భారతదేశమున నున్నచో గాంధీ చెప్పినదానినే చెప్పియుందునని పలికెనని ప్రసిద్ధి. మిల్లులు తెఱువబడలేదు, మన మగ్గముల కష్టమును తీరలేదు. థార్న్‌టన్ సమ్మెలను గూర్చి చెప్పినంతమాత్రమే అక్కడ జరిగినది. అంతకంటె ఎక్కువ జరుగుటకు అక్కడ కూడిన వారెవ్వరి చేతిలోను అధికారము లేకుండెను.